పాటకు పెట్టిన కాపలా

హైమావతికి ఒక్కటే దిగులు. పని అంతా తను చేస్తుంది. బండిని మాత్రం ఉస్తాద్ పంపిస్తాడు.

ఆదోనిలో మార్కెట్ యార్డు వెనక, టైర్ల కొట్టుకీ సోడా బండికీ మధ్య ఉస్తాద్ దస్తగిరి షెడ్డు ఉంది. బండ్లలో పాటల పెట్టెలు బిగించడం అతని పని. హైమ అతని దగ్గర చేరేటప్పటికే ఆ పని సగం తెలుసు. ఫోనులో వీడియోలు చూసి, చెడిపోయిన రేడియోలు విప్పి, వేళ్ళు కాల్చుకుని నేర్చుకుంది. చెప్పించుకుని నేర్చుకోవడం ఆమెకు అలవాటు లేదు.

ఉస్తాద్ ఆమెను ఏ పనికీ వద్దనలేదు, ఒక్క బానెట్ దగ్గర తప్ప. సీట్ల కింద, తలుపుల్లో, వెనకాల, ఎంత పనైనా ఆమెదే. బ్యాటరీకి వైరు కలపడం మాత్రం అతని పని. కలిపి, బానెట్ మూసి, బండి మనిషితో "పో నాయనా" అనేవాడు. ఆ మాట అంటేనే ఆ షెడ్డులో పని ముగిసినట్టు.

"ఆ మాట నేనెప్పుడు అనాలి ఉస్తాద్?" అని హైమ ఒక రోజు అడిగేసింది.

ఉస్తాద్ టీ గ్లాసు కడుక్కుంటున్నాడు.

"బండి పోయినాక గూడా అది నీకు కనపడతాంటే, అప్పుడు."

ఆమెకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడం ఇష్టం లేక తల ఊపింది.

ఆ వారంలోనే తిక్కయ్య తన పికప్ బండి తెచ్చాడు. ముందు ఒక సీటు, వెనక ఒక సీటు, ఆ వెనక తొట్టి. చుట్టుపక్కల పల్లెల్లో పొలం పనులకు కూలీలను దించి వచ్చే బండి అది. వెనక సీటు కింద పారలూ కొడవళ్ళూ పడి ఉన్నాయి.

"పాటల్లేని బండికి కూలోళ్ళు ఎక్కరంట ఉస్తాద్," అన్నాడు తిక్కయ్య. "అందరూ ఆ హనుమేశు బండికే పోతాండారు. వాని బండిలో బేసు కొడితే గుండెలు అదురుతాయంట."

"గుండెలదిరితే కలుపు బాగా తీస్తారా?"

"తీస్తారో లేదో, ఎక్కుతారు గదా! పెద్దది వద్దులే, చిన్న సబ్‌వూఫరు, దానికి తగిన ఆంప్ ఒకటి బిగించు."

ఉస్తాద్ నవ్వలేదు. తాళం చెవి తీసుకుని హైమ చేతిలో పెట్టాడు.

"ఈ బండి నీది. ముందూ వెనకా నువ్వే. బానెట్ గూడా."

అని బయటికి వెళ్ళి, షెడ్డు వైపు వీపు పెట్టి, పాత టైరు మీద కూర్చున్నాడు.

హైమ ఎవరితోనూ మాట్లాడకుండా పని చేసింది. వెనక సీటు వెనకాల బేసు కొట్టే సబ్‌వూఫరు పెట్టె కదలకుండా బిగించింది. దాని పక్కన పాట జోరు పెంచే ఆంప్. ఎర్త్ వైరు తగిలించే చోట రంగు గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దింది. బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరును ఇనప రేకు కోసుకోకుండా రబ్బరు వాషరులోంచి దూర్చి, తలుపు వారగా మ్యాటు కింద వెనక్కి తీసుకుపోయింది. పాట మోసే సన్న వైర్లు రెండో పక్క నుంచి నడిపింది. రెండూ ఒకే దారిన పోతే పాటలో ఇంజను ఈల వేస్తుంది.

అన్నీ ఉస్తాద్ చూపించినట్టే చేసింది. ఒక్కటి తప్ప.

ఉస్తాద్ ఎప్పుడూ ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలో పెడతాడు. అది పాత పద్ధతని హైమకు ఎప్పటి నుంచో లోపల అనిపిస్తూనే ఉంది. బానెట్ కింద దుమ్ము, వానాకాలమైతే బురద నీళ్ళు. ఫ్యూజు పోతే నడి రోడ్డు మీద బానెట్ లేపాలి. అంతా చేసి, ఖరీదైన వస్తువేమో వెనకాల ఉంది. అందుకని ఆమె ఫ్యూజును తీసుకొచ్చి, అద్దంలాంటి మూత ఉన్న డబ్బీలో, ఆంప్ పక్కనే చేతికందేలా పెట్టింది. చూడటానికి ఎంతో బాగుంది.

తిక్కయ్య వచ్చాక పాట పెట్టింది. షెడ్డు పైన రేకులు గలగలలాడాయి. సోడా బండిలో సీసాలు ఒకదానికొకటి తగిలాయి.

"అబ్బబ్బ!" తిక్కయ్య తలకున్న తువ్వాలు తీసి గాల్లో తిప్పాడు. "హనుమేశుగాని బండి దీని ముందర రేకు డబ్బా!"

హైమ ఉస్తాద్ వైపు చూసింది. అతను లేచి వచ్చాడు. బానెట్ లేపి బ్యాటరీ దగ్గర కాసేపు నిలబడ్డాడు. వెనక్కి నడిచి, ఆ డబ్బీ మీద వేలు పెట్టాడు.

"ఇది ఈడ పెట్టినావే?"

"ఆంప్‌కి కాపలా దాని పక్కనే ఉంటే మేలు గదా ఉస్తాద్."

ఉస్తాద్ ఊ అన్నాడు. అంతే. తప్పనలేదు, ఒప్పనలేదు.

అప్పుడే హైమ తల్లి గిడ్డమ్మ అన్నం క్యారేజీ తీసుకుని వచ్చింది. ఆ రోజు ఆమెకు కూలి పని లేదు.

"గిడ్డమ్మా, బిడ్డ పని జూడవా? ఎక్కి కూర్చో," అన్నాడు ఉస్తాద్.

"చూడకేం, మేము పోయేది ఈ బండికే గదా." గిడ్డమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని ఎక్కి, వెనక సీటులో తలుపు పక్కన కూర్చుంది. పారలను కాలితో వారకు నెట్టింది. "నేనెప్పుడూ ఈడనే కూర్చుంటా. గాలి తగులుతాది."

వీపు వెనక బేసు మోగుతుంటే ఆమె ఉలిక్కిపడి నవ్వింది. "ఓయమ్మ! ఎవరో వీపు మీద గుద్దుతాండారే!"

హైమ కూడా నవ్వింది. ఇక ఉస్తాద్ తనను "పో నాయనా" అనమంటాడని ఎదురు చూసింది.

ఉస్తాద్ డబ్బీ మూత తీసి, ఫ్యూజును లాగి, ఆమె ఎడమ అరచేతిలో పెట్టాడు. పాట ఆగిపోయింది.

"కరెంటు ఆగిందా?"

"ఆగింది ఉస్తాద్."

అతను జేబులోంచి టెస్టు లైటు తీసి ఇచ్చాడు. ఒక చివర సూది మొన, లోపల చిన్న బల్బు, ఇంకో చివర క్లిప్పు.

"చూడు."

"యాడ?"

ఉస్తాద్ గడ్డంతో గిడ్డమ్మ కాళ్ళ వైపు చూపించాడు.

హైమ వంగింది. తల్లి పాదాల కింద మ్యాటు కొంచెం ఎత్తింది. క్లిప్పును సీటు బోల్టుకు తగిలించి, సూదిని లావు వైరులోకి గుచ్చింది.

బల్బు వెలిగింది.

చిన్న పసుపు వెలుగు గిడ్డమ్మ మట్టెల మీద పడింది. ఎడమ చేతిలో ఫ్యూజు అలాగే ఉంది.

"భలే వెలుగుతాందే!" అంది గిడ్డమ్మ ముచ్చటగా.

తిక్కయ్య తొంగి చూశాడు. "ఫ్యూజు పీకినారు గదా? మళ్ళా ఇదెట్లా వెలుగుతాంది?"

ఉస్తాద్ హైమ వైపు చూశాడు.

"ఫ్యూజు ఈ చివర ఉందన్నా," అంది హైమ. "కరెంటు ముందర బ్యాటరీ నుంచి వస్తాంది. ఈ దారిలో వైరు కోసుకుపోయి ఇనుముకు తగిలితే ఆపేది ఏమీ లేదు. వైరు కాలుతూనే ఉంటాది."

తిక్కయ్య చూపు మెల్లగా పారల మీదికి పోయింది. ఒక పార అంచు సరిగ్గా ఆ మ్యాటు మీదే ఆని ఉంది. అతను తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"పాటకు కాపలా పెట్టినావు బిడ్డా," అన్నాడు ఉస్తాద్. కోపం లేదు ఆ మాటలో.

హైమ క్లిప్పు తీసింది. బల్బు ఆరిపోయింది.

"అమ్మా, దిగు."

"ఇప్పుడే గదే ఎక్కింది? ఇంకో పాట..."

"దిగుమ్మా."

కూతురి ముఖం చూసి గిడ్డమ్మ క్యారేజీ పట్టుకుని దిగి, సోడా బండి నీడలో నిలబడింది.

హైమ ముందుకు వెళ్ళి బ్యాటరీ నుంచి వైరు ఊడదీసి, చేతిలోని ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలో పెట్టుకుంది. సూది గుచ్చిన వైరు మళ్ళీ పనికిరాదు. తలుపు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మ్యాటు కింది నుంచి దాన్ని మూర తర్వాత మూర బయటికి లాగడం మొదలుపెట్టింది.

తిక్కయ్య కొంచెంసేపు చూసి ఉస్తాద్ దగ్గరికి వచ్చాడు.

"తెల్లారేసరికి కూలోళ్ళు రోడ్డు మీద కాసుకోని ఉంటారు ఉస్తాద్. బండి ఎప్పుడు పంపిస్తావు?"

"నన్నడుగుతావేం? బండి ఆమెది."

తిక్కయ్య తిరిగి హైమ వైపు నడిచాడు.

"ఏమ్మా, ఎప్పుడు పంపిస్తావు మరి?"

లాగుతున్న చేయి ఆగింది. హైమ తల ఎత్తలేదు.

"మా అమ్మను మళ్ళా ఆ సీట్లో కూర్చోబెట్టినాక, అన్నా."