మూడో వరస

పూర్ణమ్మగారు ప్రశ్నకు పాఠంలో జవాబు చెప్పేవారు కాదు. కాకినాడలో ఆవిడ ఇంటి మేడ మీద గురువారం మధ్యాహ్నాలు గీత చెప్పించుకోవడానికి కొద్దిమంది చేరేవారు. శ్లోకం, తాత్పర్యం, ఆపైన కాసేపు మౌనం. ఎవరైనా సందేహం అడిగితే ఆవిడ విని, తల ఊపి, "నాకు ఫలానా పనుంది, తోడు వస్తావా?" అనేవారు. వైరాగ్యమంటే ఏమిటని అడిగిన ఒక రిటైర్డు తాసిల్దారుగారి చేత సాయంత్రం దాకా చింతపండు ఈనెలు తీయించి, చేతులు కడుక్కుని వెళ్ళమన్నారు. ఆయనకు ఏం బోధపడిందో ఎవరికీ చెప్పలేదు గాని, మరుసటి వారం నుంచి అందరికంటే ముందు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు.

ఒక వేసవిలో, పాఠం ముగిశాక, హైమవతి లేచి నిలబడి అడిగింది.

"అమ్మగారూ, మనసు ఒకదాన్ని కోరుకుంటుందనుకోండి. ఎంత పిలిచినా అది దగ్గరికి రాదు. అప్పుడా కోరికని వదిలెయ్యాలా, పట్టుకునే ఉండాలా?"

పూర్ణమ్మగారు పుస్తకం మూసి ఆమె ముఖంలోకి చూశారు. "ఇక్కణ్ణించి ఎక్కడికి వెళ్తున్నావు?"

"కారు చూడ్డానికండి. ఏడు సీట్ల బండి తీసుకుందామనుకుంటున్నాం. మా ఆయనా, మా అమ్మాయీ కింద ఉన్నారు."

"నేనూ వస్తాను. పెద్ద బండెక్కి చాలా కాలమైంది."

"మా అమ్మాయి" అనేటప్పుడు హైమ గొంతు ఎప్పుడూ కొంచెం తగ్గేది. చందన ఆమె కన్న బిడ్డ కాదు. రొయ్యల మేత వ్యాపారం చేసే వీర్రాజుకు మొదటి భార్య విజయ వల్ల పుట్టిన పిల్ల. విజయ జబ్బుచేసి పోయాక, ఏడాది తిరిగి హైమ ఆ ఇంటికి వచ్చేనాటికి చందనకి ఎనిమిదేళ్ళు. పెంకితనం లేదు, ఎదురుచెప్పడం లేదు. పెట్టింది తినేది, కుట్టించింది తొడుక్కునేది. తండ్రినీ నాయనమ్మనీ "నువ్వు" అనే ఆ పిల్ల హైమని మాత్రం "మీరు" అనేది. పిన్ని అని పిలవమని నాయనమ్మ చెప్పి చూసింది. ఏ పిలుపూ లేకుండా, ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడే పద్ధతి ఒకటి చందన అలవాటు చేసుకుంది. చుట్టపక్కాలందరూ పిల్ల మర్యాదని మెచ్చుకునేవారు. ఆ మెప్పు విన్నప్పుడల్లా హైమ ఏదో పని వంకతో లోపలికి వెళ్ళిపోయేది. తర్వాత పుట్టిన కవలలు "అమ్మా, నాకియ్యవే" అని కొంగు పట్టుకు లాగుతుంటే, ఆ "వే" అన్న ఒక్క అక్షరం ఇంకో నోట వినాలని ఆమె ప్రాణం కొట్టుకునేది.

చందన పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. జూన్‌లో విశాఖపట్నం వెళ్ళి హాస్టల్లో చేరబోతోంది. పెద్ద బండి కొందామన్న మాట మొదట అన్నది వీర్రాజే గాని, దాన్ని వదలకుండా పట్టుకున్నది హైమ. ఉన్న చిన్న కారులో ఆరుగురూ పట్టరు. పిల్ల వెళ్ళిపోయేలోగా ఒక్కసారైనా ఇంటిల్లిపాదీ ఒకే బండిలో ఎక్కడికైనా వెళ్ళాలి. ఆ పిల్ల తన పక్కన కూర్చోవాలి. నిద్రొస్తే తన భుజం మీద తల వాల్చాలి. ఆమె కోరుకున్నది అంతే.

ఆ కోరిక వెనక ఒక నొప్పి కూడా ఉంది. పెళ్ళిళ్ళకీ యాత్రలకీ అద్దెబండ్లలో వెళ్ళినప్పుడల్లా చందన అందరికంటే ముందు ఎక్కి, తిన్నగా వెనక వరసలోకి పోయి కూర్చునేది. మధ్య సీట్లోంచి హైమ వెనక్కి తిరిగి, "ఇక్కడికి రా అమ్మా, చోటుంది" అనేది. "పర్లేదండి" అనేది పిల్ల, కిటికీలోంచి బయటికి చూస్తూ. ఒక పెళ్ళిలో బండి దిగుతుంటే ఎవరో ముసలమ్మ, "సవతి పిల్లని సామాన్లతో పాటు వెనక పడేశారు పాపం" అనడం హైమ చెవిన పడింది. ఆ పెళ్ళిలో ఆమె విస్తరి ముందు కూర్చుని లేచిందే గాని, మెతుకు ముట్టలేదు.

అందుకే బండి ఎంచుకోవడంలో ఆమె వీర్రాజుని విసిగించింది. ఒకదాన్లో వెనక వరస మీద కప్పు మరీ తక్కువ, పిల్ల తల తగులుతుందని వద్దంది. ఇంకోదాన్లో వెనక్కి ఏసీ గాలి ఆడదని వద్దంది. చివరికి ఒకటి నచ్చింది. అందులో మధ్య వరస ఒకే పొడుగాటి సీటు కాదు, రెండు విడివిడి కుర్చీలు, వాటి మధ్య నడిచే దారి. అత్తగారు ముందు సీట్లో, కవలలు వెనక వరసలో, ఆ రెండు కుర్చీల్లో తనూ చందనా. మనసులో ఎవరి చోట్లు వాళ్ళకి ఎప్పుడో పంచేసింది. ఈ ఏర్పాటు చెప్పినప్పుడు చందన "అలాగేనండి" అంది.

ఆ రోజు వాళ్ళు వెళ్ళింది ఆ బండిని నడిపి చూసి, ఖాయం చేసుకు రావడానికే. షోరూం కుర్రవాడు తాళాలు పట్టుకొచ్చి, విడి కుర్చీల బండి ప్రస్తుతం నడపడానికి లేదని, ఇదీ అదే బండి, మధ్యలో పొడుగు సీటు ఉండటం ఒక్కటే తేడా అని చెప్పాడు. మధ్య సీటు ఒక అంచున మీట నొక్కితే సీటు ముందుకి మడతపడింది. ఆ సందులోంచి చందన ఎప్పటిలాగే వెనక్కి దూరి కిటికీ పక్కన సర్దుకుంది. హైమ సీటు మామూలుగా వెయ్యమని చెప్పబోతుండగా పూర్ణమ్మగారు ఆమె భుజం తట్టారు.

"నా మోకాళ్ళు ముడుచుకోవు అమ్మాయ్. మధ్య సీటంతా నాకు కావాలి. నువ్వు కూడా వెనక్కి ఎక్కు."

హైమ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, నడుం వంచి, సందులోంచి వెనక్కి వెళ్ళింది. ఇన్ని బండ్లలో వెనక వరస బాగోగులు చూసింది గాని, ఒక్కదాన్లోనూ ఆమె ఆ వరసలో కూర్చోలేదు. సీటు కిందికుంది. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. మధ్య సీటు లేపి వెయ్యగానే ముందు గోడ కట్టినట్టయింది. వీర్రాజు స్టీరింగు ముందు, షోరూం కుర్రవాడు అతని పక్కన. వాళ్ళ మాటలు ఇక్కడికి గుసగుసల్లాగే చేరుతున్నాయి. పూర్ణమ్మగారు చేతిసంచీ తల కింద పెట్టుకుని, సీటు పొడుగునా కాళ్ళు చాపుకుని పడుకున్నారు.

బండి ఊరు దాటి ఉప్పాడ రోడ్డెక్కింది. హైమ కాళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడుతుంటే, చందన కొంతసేపు చూసి అంది. "అలా కాదండి. పక్కకి తిప్పుకుంటే పడతాయి. తిమ్మిరెక్కదు." తను పెట్టుకుని చూపించింది. హైమ అలాగే పెట్టుకుంది. నిజంగానే పట్టాయి.

సరుగుడు తోటలు వెనక్కి పోతున్నాయి. చందన ముందుకి వంగి, మధ్య సీటు పైనుంచి పడుకున్న పెద్దావిడని చూసింది. చూస్తూ చూస్తూ తన చెయ్యి ఎత్తి సీటు మీదుగా అవతలికి వేలాడేసింది. ఆవిడని తాకలేదు. ఒక గతుకు వచ్చి బండి ఎగిరినప్పుడు వేళ్ళు ముడుచుకున్నాయి. అప్పుడు తెలివి వచ్చినట్టు చెయ్యి వెనక్కి తీసేసుకుంది. హైమ చూసిందని ఆ పిల్లకి తెలిసింది.

"నిద్రపోయారా అమ్మగారు?" అని హైమ మెల్లగా అడిగింది.

"ఊఁ." కొంతదూరం పోయాక, సీటుతో చెబుతున్నట్టు చందన అంది. "మా అమ్మ ఇలాగే పడుకునేది. వైజాగ్ ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు. నాన్న ముందు కూర్చునేవాడు. నేనిక్కడ. చెయ్యి ఇలా కిందికేస్తే పట్టుకునేది. గోతులొచ్చినప్పుడు గట్టిగా పట్టుకునేది."

హైమకి ఒక్కసారిగా అన్ని ప్రయాణాలూ కళ్ళ ముందుకొచ్చాయి. పెళ్ళికి వెళ్ళిన బండి, అన్నవరం వెళ్ళిన బండి, ద్రాక్షారామం వెళ్ళిన బండి. ప్రతిసారీ తను కూర్చున్నది ఈ పిల్లకి ఎదురుగా ఉన్న మధ్య సీట్లో. విజయ పడుకున్న ఆ చోటులో కూర్చుని, వెనక్కి తిరిగి, ఇక్కడికి రా, చోటుంది అని పిలిచింది. క్షమించమనాలనిపించింది. ఆ మాట అంటే పిల్ల "పర్లేదండి" అంటుందని, అన్నాక మళ్ళీ నోరు విప్పదని ఆమెకు తోచింది.

"ఏ చేత్తో పట్టుకునేది?" అని అడిగింది.

చందన ఈసారి ఆమె వైపు పూర్తిగా తిరిగింది. ఆ సంగతి ఇంతవరకు ఎవరూ అడగలేదు. "ఎడమ చేత్తో. కుడి చేతికి సెలైన్ సూది ఉండేది."

హైమకి ఆ పిల్ల చెయ్యి అందుకోవాలనిపించింది. అందుకోలేదు. సీటు పై అంచు మీద చందన చెయ్యి ఆనించుకుని ఉంటే, బెత్తెడు దూరంలో తన చెయ్యి పెట్టుకుంది. షోరూం చేరేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

బండి దిగాక కుర్రవాడు కాగితాలు తెచ్చి, "విడి సీట్లదే బుక్ చేసెయ్యమంటారా మేడం?" అన్నాడు.

"వద్దండి. పొడుగు సీటుదే."

వీర్రాజు విస్తుపోయాడు. "మధ్యలో దారి కావాలని నెల్రోజుల్నుంచి నువ్వే కదా నా బుర్ర తిన్నావు?"

"అత్తయ్యగారూ పిల్లలూ మధ్యలో కూర్చుంటారు. నేను వెనక కూర్చుంటానండి."

"నడుం పట్టేస్తుందే."

"పట్టనివ్వండి."

చందన అక్కడే ఉంది. పూర్ణమ్మగారు తనని ఇంటి దగ్గర దింపమన్నారు. మధ్యాహ్నం అడిగిన ప్రశ్న సంగతి ఆవిడా ఎత్తలేదు, హైమా గుర్తుచెయ్యలేదు.

బండి మే నెలాఖరుకి ఇంటికొచ్చింది. యాత్రలేవీ కుదరలేదు. చెరువుల్లో రొయ్యలు పట్టే రోజులు, మేత బాకీలు వసూలయ్యే కాలం కావడంతో వీర్రాజుకి తీరికే దొరకలేదు. కవలల్లో ఒకడికి జ్వరమొచ్చింది. చివరికి ఇంటిల్లిపాదీ కలిసి చేసిన ప్రయాణం చందనని హాస్టల్లో దింపడానికి చేసిందే అయింది. మధ్య సీట్లో అత్తగారు, ఆవిడకి చెరోపక్కా కవలలు. వెనక చందన, హైమ. వాళ్ళిద్దరి కాళ్ళ దగ్గర పరుపుచుట్ట, ప్లాస్టిక్ బక్కెట్టు, ఆవకాయ జాడీ.

తుని దాటాక రోడ్డు పక్కన కొబ్బరి బొండాల బళ్ళు కనిపించాయి. "ఇక్కడ ఆగేవాళ్ళం. అమ్మకి కొబ్బరినీళ్ళు పట్టేవాళ్ళు" అని చందన కిటికీకేసి అంది. హైమ ముందుకి వంగి, బండి ఆపమని భర్తకి గట్టిగా చెప్పింది. అందరూ దిగి నీళ్ళు తాగారు. వీర్రాజు బొండాం చేత్తో పట్టుకుని, రోడ్డుకేసి తిరిగి, తాగకుండా చాలాసేపు నిలబడ్డాడు. పిల్ల అతని దగ్గరికి వెళ్ళి పక్కన నిలబడింది. హైమ వాళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. కవలల మూతులు తుడుస్తూ ఉండిపోయింది.

మళ్ళీ బయల్దేరాక చందనకి నిద్ర పట్టింది. తల కిటికీ అద్దానికి ఆనింది. బండి కుదిపినప్పుడల్లా అద్దానికి తగులుతోంది. హైమ తన పమిట మడతపెట్టి తలకీ అద్దానికీ మధ్య ఉంచింది. అది జారిపోకుండా చెయ్యి అలాగే పట్టుకుంది. తన భుజం ఇటువైపు ఖాళీగా ఉంది. అనకాపల్లి దాకా ఒకసారైనా ఆ తల ఇటు తిరుగుతుందేమోనని చూసింది. తిరగలేదు.

హాస్టల్ గేటు దగ్గర నాయనమ్మ ఏడ్చింది, కవలలు అక్కని పట్టుకుని వదల్లేదు. చందన అందరికీ చెప్పి, చివరికి హైమ ఎదురుగా వచ్చి నిలబడింది.

"జాగ్రత్తగా వెళ్ళండి."

"అలాగేనమ్మా."

పిల్ల బక్కెట్టు అందుకుంది. మళ్ళీ ఆగింది. "తిరిగి వెళ్ళేటప్పుడు ఎక్కడ కూర్చుంటారు?"

"వెనకే."

చందన తల ఊపింది. అడిగినదానికి సరైన జవాబు దొరికినట్టు ఊపి, లోపలికి వెళ్ళిపోయింది.

దారిలో వీర్రాజు రెండుసార్లు అన్నాడు, ఇప్పుడు వెనక ఒక్కదానివే కదా, వచ్చి ముందు కూర్చోమని. హైమ వెళ్ళలేదు. కాళ్ళు పక్కకి తిప్పుకుని, కాకినాడ చేరేదాకా వెనక వరసలోనే కూర్చుంది.

తర్వాతి గురువారం పాఠమయ్యాక అందరూ వెళ్ళిపోయినా ఆమె చాపల దగ్గర నిలబడి ఉంది. పూర్ణమ్మగారు చాప చుడుతూ, "దింపి వచ్చారా?" అన్నారు.

"వచ్చామండి. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ వెనకే కూర్చున్నాను. పిల్ల రెండు మాటలు మాట్లాడింది. 'మీరు' అనే మాట్లాడింది." హైమ చాప రెండో కొస అందుకుంది. "ఆ కోరిక తగ్గలేదండి అమ్మగారూ. మునుపటికంటే ఎక్కువైంది. వదిలెయ్యాలో పట్టుకోవాలో మీరు చెప్పనేలేదు."

పూర్ణమ్మగారు చుట్టిన చాపని గోడకి చేరవేశారు.

"కోరుకోవద్దని నేనెప్పుడన్నాను అమ్మాయ్? ఎక్కడ కూర్చుని కోరుకుంటున్నావో చూసుకోమన్నాను."