పైడమ్మ ఒప్పుదల

ఎవరైనా ప్రశ్న అడిగితే కూర్మనాథం గారు జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. మూర్ఛ జబ్బుకు మందివ్వడంలోనూ, ఆ విద్య నేర్పడంలోనూ తల పండిన వైద్యుడాయన. ఒక ఉదయం శిష్యుడు తారకం అడిగాడు: "గురువుగారూ, బుద్ధి ఎదగని పెద్దవాళ్లకు మన పరిశోధన అర్థం కాదు. అర్థం కానివాళ్ల చేత సరే అనిపించడం పాపం కదా. వాళ్లను వదిలేద్దామా?"

గురువుగారు చెప్పులు వేసుకున్నారు.

ఇద్దరూ పైడమ్మ ఇంటికి వెళ్లారు. నలభై ఏళ్ల మనిషి, బుద్ధి మాత్రం పసిపిల్లదని ఊరివాళ్ల మాట. అడ్డాకులతో విస్తళ్లు కుడుతుంది. మూర్ఛ బిళ్లల మత్తుకు, సగం కుట్టిన విస్తరి ఒళ్లో ఉండగానే కునికిపాట్లు పడుతుంది. ఇలాంటివాళ్లకు మోతాదు ఎంత తగ్గించవచ్చో ఎవరూ పరీక్షించి చూడలేదు. అందరూ తారకం లాగే పాపానికి భయపడ్డారు మరి.

ఆమె వదిన, పైడమ్మ బదులు ఒప్పుదల కాగితం మీద తాను వేలిముద్ర వేస్తానంది. గురువుగారు ముందు పైడమ్మనే అడగమన్నారు. తారకం కాగితమంతా చదివి వినిపించి, పరిశోధనలో చేరతావా అంటే సరే అంది. మానేస్తావా అన్నా సరే అంది. చూశారా అన్నట్టు అతను గురువుగారి వైపు తిరిగాడు. ఈ కథ చెబుతున్న నాకు అతని మీద కోపం లేదు. పెద్ద చదువులు చదివినవాళ్లకు కాగితం తప్ప వేరే దారి తోచదు.

గురువుగారు చాప మీద చతికిలబడి, కుట్టడానికి ఒక ఆకు తీశారు. పైడమ్మ దాన్ని లాక్కుని పక్కన పారేసింది.

"సిరిగిపోనాది. ఇది ఒద్దు," అంది.

మర్నాటి నుంచి తారకం కాగితం తేలేదు. ఆమె పక్కన కూర్చుని పుల్లలు విరుస్తూ మోతాదు తగ్గించిన కొత్త బిళ్ల చూపించాడు, సూది చూపించాడు, తన చేతికే గుచ్చుకుని రక్తం తీసి చూపించాడు. మూడోనాడు బిళ్లనూ సూదినీ ఆమె ముందు పెట్టి అడిగాడు. పైడమ్మ చాలాసేపు చూసింది. బిళ్లను దగ్గరికి తీసుకుంది. సూదిని పక్కన పారేసిన చిరిగిన ఆకుల కుప్పలోకి నెట్టేసింది.

"సూదొద్దు బావూ. బిల్లయితే ఏసుకుంతాను."

తారకం డీలాపడ్డాడు. రక్తం ఇవ్వనంటే మందు ఎంత పనిచేస్తోందో తెలిసేదెలాగని గొణిగాడు. గురువుగారికి మాత్రం సంతోషంతో కళ్లు చెమర్చాయి. సూది లేని దారి వెతుక్కోవలసింది మనమేనన్నారు. తారకం పుస్తకం తెరిచి, ఒప్పుకుంది అని రాయబోయాడు.

"ముందు ఆ ఒద్దు రాసుకో నాయనా," అన్నారు ఆయన. "తర్వాత సరే రాద్దువుగాని."