కాటుకమ్మ మూయని తొట్టి

నారాయణుడి దయవల్ల గోదారి లంకలో ఓ పాక, పాక వెనక ఓ గోబర్ గ్యాస్ తొట్టి. అక్కడి జంతువులకి అదే ఆస్తి. పేడలో నీళ్లు కలిపి తొట్టిలో పోస్తే, గొట్టంలోంచి గ్యాస్ వచ్చి పాకలో పొయ్యి వెలిగేది. పేడ తొక్కి కలిపేది కాటుకమ్మ అనే గేదె. నీళ్లు, పేడ తట్టలు మోసేవాడు గంగులు అనే గాడిద.

ఒక శ్రావణంలో కాలువ దాటుకుని జంబన్న అనే నక్క వచ్చాడు.

"ఇంకా ఈ పేడ తొక్కుడేనా వదినా? మా ఒడ్డున బురదనేలలో గ్యాస్ ఊరికే పొంగుతోంది. గొట్టం నేనేస్తా. వాసనుండదు, తట్టల మోతుండదు."

"వాల్వు ఎవరి దగ్గరుంటుంది జంబన్నా?" అంది కాటుకమ్మ.

"నా దగ్గరే. మీకెందుకు శ్రమ?"

గంగులు తట్ట కింద పడేశాడు. "ఈ పేడ కంపుకి చుట్టాలు కూడా నా పక్కన కూర్చోవడం లేదు వదినా. నా ఓటు గొట్టానికే." చుక్కమ్మ అనే కోడీ సరేనంది. తొట్టి మూసేయాలని తీర్మానమైపోయింది. జంబన్న గొట్టం వేశాడు, పాకలో పొయ్యి ఆ గ్యాస్ మీదే వెలగసాగింది.

కాటుకమ్మకి ఒక్కటే చిక్కు, చెప్పుకోవాలంటే సిగ్గు. బుద్ధెరిగాక ఆ తొట్టి గట్టు మీద తప్ప ఇంకెక్కడా పేడ వేసి ఎరగదు. వేరేచోట నిలబడి పొద్దుటంతా చూసింది. దేవుణ్ణి తలుచుకుంది. రాలేదు. "ఏం చెయ్యను తల్లీ, నాకక్కడైతేనే అవుతుంది," అని మళ్లీ గట్టెక్కింది. వేసింది వదిలేయడానికి మనసొప్పక, నీళ్లు పోసి తొక్కి తొట్టిలోకి నెట్టేది. పాకంతా కడుపుబ్బ నవ్వుకుంది.

కార్తీకంలో తుఫాను పట్టింది. చుక్కమ్మకి అప్పుడే పదకొండు పిల్లలు. రెక్కల కింద పట్టేవి ఆరు, మిగతా అయిదూ పొయ్యి పక్కన. మూడోనాటి పొద్దున పొయ్యి ఆరిపోయింది.

అవతలి గట్టు నుంచి జంబన్న కేకేశాడు. "చెల్లెమ్మా, గొట్టంలో నీళ్లు చేరాయి. మీదాకా గ్యాస్ రాదు. మా ఇంట్లో పొయ్యి భేషుగ్గా మండుతోంది. పిల్లల్ని బుట్టలో పంపించు, మేనమామ దగ్గర వెచ్చగా ఉంటాయి."

చుక్కమ్మ ఏడుస్తూ బుట్టలో గడ్డి పరిచింది. అయిదింట్లో చిన్నది అప్పటికే కళ్లు తేలేస్తోంది. "ఇక్కడుంటే చలికి పోతాయి వదినా. అక్కడికెళ్తే..."

"వెచ్చగా పోతాయి," అన్నాడు గంగులు.

కాటుకమ్మ వెళ్లి, తొట్టి గొట్టానికున్న పాత వాల్వుని కొమ్ముతో తిప్పింది. గంగులు పళ్లతో పట్టుకుని అగ్గిపుల్ల గీశాడు. నీలిమంట లేచింది.

"ఇదెక్కడిది వదినా?" అంది చుక్కమ్మ.

"నా పాడలవాటే," అంది కాటుకమ్మ తల వంచుకుని. "పిల్లల్ని దగ్గరికి జరుపు. ఆ బుట్ట ఇటివ్వు. మీ అన్నయ్య ఎదురుచూస్తుంటాడు."

గంగులు బుట్ట మోసుకెళ్లేసరికి జంబన్న ఎసరు పెట్టి, ఉల్లిపాయలు తరిగి కూర్చున్నాడు. ఆత్రంగా మూత తీశాడు. నిండా పేడ.

"ఇదేమిట్రా?"

"ఇప్పుడే వేసింది. దారిలో చల్లారిపోతుందని పరిగెత్తుకొచ్చాను. మేనమామ దగ్గర వెచ్చగా ఉంటుందిగా."

ఇక మూసి ఉంచినా లాభం లేదని మర్నాడు జంబన్న తనే వాల్వు విప్పాడు. ఆ గ్యాసూ వాడుకున్నారు, భగవంతుడు భూమిలో పెట్టినదాన్ని కాదనడమెందుకు? గంగులు మాత్రం ఎవరూ చెప్పకుండానే తట్ట ఎత్తుకున్నాడు.

పొరుగింటి మంట మీద వండుకున్నా, మన తొట్టి ఎండనివ్వకూడదు.