మంత్రిగారు ఎంచిన లాప్‌టాప్

చెప్పండి, పేదపిల్లకి లాప్‌టాప్ ఎంచాల్సింది వాడేవాళ్ళా, పంచేవాళ్ళా?

ఒక రాజ్యంలో కోటకి రాత్రీపగలూ కరెంటు. పల్లెలకి కోట వాడుకోగా మిగిలిందే. అలాంటి ఒక పల్లెలో చుక్కమ్మ పెద్దకూతురు లాప్‌టాప్‌లో పరీక్ష రాస్తుండగా కరెంటు పోయింది, సర్కారిచ్చిన ఆ చవక లాప్‌టాప్ బ్యాటరీ నిలవక ఆ క్షణమే ఆరిపోయింది. పరీక్ష తప్పిన ఆ పిల్ల ఇప్పుడు క్వారీలో రాళ్ళు కొడుతోంది. ఈ ఏడాది పరీక్ష చిన్నకూతురికి.

మంత్రి మళ్ళీ అదే రకం పంచడానికి తెచ్చి, పల్లెజనం కూడిన సభలో బల్లమీద పెట్టాడు. "చవకైంది. రోజువారీ వాడకానికి మీకిది చాలు. వచ్చి, నచ్చి తీసుకున్నట్టు వేలిముద్రలు వెయ్యండి!"

"మహా బాగుంది దొరా," అంది చుక్కమ్మ. "రాజుగారికి మా దండాలు మీ చేత్తోనే దీంట్లో రాసిపెట్టండి."

మంత్రి ఉబ్బిపోయి, తన గొప్పలన్నీ కలిపి రాశాడు. ఆఖరి వాక్యంలో ఉండగా చుక్కమ్మ గోడ దగ్గర దాని కరెంటు తీగ పీకేసింది. తెర నల్లబడింది. రాసిందంతా పోయింది.

"ఎవత్తివే నువ్వు, తీగ పీకడానికి?"

"నేను ఒక్కసారే పీకాను దొరా. మా ఊళ్ళో మీరు రోజూ పీకుతున్నారు."

వరసలో నిలబడ్డ జనం వేలిముద్ర వెయ్యకుండా వెనక్కి తిరిగారు. ముద్రలు లేకుండా రాజుకి మొహం చూపించలేక, మంత్రి బ్యాటరీ నిలిచే రకం తెప్పించాడు. చిన్నది పరీక్ష రాసింది. పెద్దది క్వారీలోనే ఉంది.

రేపు మీ ఊరికీ పంచడానికి వస్తారు. వేలిముద్ర వేసేముందు, లేచి ఆ తీగ పీకి చూడండి.