మైనం కింద చీలిక

మహదేవాచారి గారిని ఏదైనా అడిగితే నోటితో జవాబు చెప్పరని ఆ వీణల కొట్టంలో అందరికీ తెలుసు. అడిగినవాళ్ళ చేతిలో ఏదో ఒక పని పెడతారు. పని అయ్యేసరికి జవాబు దొరికితే సరే, దొరక్కపోతే ఇంకో పని. విజయనగరం వైపు ఒక చిన్న ఊళ్ళో ఆయనది వీణలకు మేళం కట్టే పని. వీణ దండి మీద నల్లటి మైనం పరిచి, వేడి కడ్డీతో దాన్ని మెత్తబరుస్తూ, ఇత్తడి మెట్లు ఒక్కొక్కటీ స్వరం పలికే చోట నిలబెట్టాలి. ఆ పనికి కొలబద్ద పనికిరాదు. చెవే కొలబద్ద.

ఆ చెవే గౌరీశ్వరికి వారం రోజులుగా సరిగా లేదు.

మూడేళ్ళ నుంచీ ఆయన దగ్గర పని నేర్చుకుంటోంది. మొదటిసారి ఒంటరిగా మేళం కట్టమని ఆయన శుక్రవారం ముహూర్తం చెప్పారు. సరిగ్గా అప్పుడే జలుబు పట్టింది, ఎడమ చెవి పోటెత్తింది. రెండు రోజులు దవడ కదపలేకపోయింది. మూడోనాడు పొద్దున లేచేసరికి పోటు చేత్తో తీసేసినట్టు పోయింది, దిండు మీద పసుప్పచ్చని చెమ్మ కనిపించింది. పీడ విరగడైందనుకుంది. కానీ ఆ చెవి నిండా దిబ్బడ మిగిలింది, లోకమంతా దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు. గుబిలి అడ్డం పడిందని తనకు తానే తేల్చుకుంది. రోజంతా మైనంతో బతికే మనిషి కదా, వేడి తగిలితే కరగని మైనం ఉంటుందా అనుకుంది. వెల్లుల్లి రెబ్బలు కాచిన నూనె గోరువెచ్చగా పోసుకోవడం మొదలుపెట్టింది. పొద్దున నాలుగు చుక్కలు, సాయంత్రం నాలుగు. సీసా సంచిలోనే ఉండేది.

ఎవరితోనూ అనలేదు. చెవి బాగోలేదంటే శుక్రవారం పని ఇంకొకరి చేతికి పోతుందని భయం. అయితే ఒక్క సంగతి మాత్రం ఆమెను లోపల తొలుస్తోంది. నూనె చెవిలో పోసుకున్న కాసేపటికి, ఆ వెల్లుల్లి ఘాటు గొంతులో తగులుతోంది.

బుధవారం ఉదయం ఇక ఉండబట్టలేక, తన సంగతి కాదన్నట్టు, మెట్లు తుడుస్తూ అడిగింది.

"గురువుగారూ, మనకి బాగా తెలిసిన పనే అయినా, ఇది మన చేతిది కాదని ఎలా తెలుస్తుంది?"

ఆయన ఆమె వైపు ఒక్కసారి చూశారు. లేచి వెళ్ళి, మరమ్మతుకు వచ్చిన పాత వీణ ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టారు. గరగరమంటోంది, ఏటో చూడమన్నారు.

గౌరీశ్వరి కుడిచెవి వంచి మీటింది. నాలుగో మెట్టు దగ్గర గరగర. అక్కడ మైనానికీ కర్రకీ మధ్య వెంట్రుక వాసి సందు కనిపించింది. మైనం వదిలేసిందనుకుని, కడ్డీ కాల్చి, సందులోకి మెత్తటి మైనం కూరి, మెట్టు మళ్ళీ నిలబెట్టింది. తీగ తేనెలా పలికింది. ఇంత చిన్న పనితోనా నాకు జవాబు అనుకుంటూ వీణ పక్కన పెట్టింది. తంత్రులు బిగిస్తున్న సన్నిబాబు, ఆమె కంటే రెండేళ్ళ ముందు పనిలో చేరినవాడు, ముక్కు ఎగబీల్చి, గౌరమ్మ చెవిలో పప్పుకి పోపు పెట్టుకుందేటో, నాలుగు రోజుల నుంచీ కొట్టమంతా వెల్లుల్లే అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, జుట్టు కొంచెం ముందుకు లాక్కుంటూ.

ఆచారి గారు నవ్వలేదు. కాసేపయ్యాక వచ్చి ఆ తీగ మీటారు. మళ్ళీ గరగర. ఆమె మళ్ళీ కడ్డీ కాల్చింది, ఇంకాస్త మైనం కూరింది. పలికింది, ఆగింది, గరగరమంది. మూడోసారి కూరేటప్పటికి ఆమె చేతుల్లో విసుగు వచ్చేసింది.

"మూడుసార్లు కరిగించావు. ఏటి కరిగించావో చూసుకున్నావా?" అన్నారాయన.

ఆయన మట్టిమూకుడులో నిప్పులేసి సాంబ్రాణి చల్లి, వీణ కుండకున్న చిల్లుల దగ్గర పెట్టించారు. చుట్టూ తడిగుడ్డ కప్పి, మెల్లగా విసరమన్నారు. పొగ లోపలికి పోయింది. బోలు దండిలోంచి అది ఎక్కడికి పోతుందో అని అందరూ చేతిలో పనులు ఆపి చూశారు. కొంతసేపు ఏమీ లేదు. తర్వాత నాలుగో మెట్టు పక్కన, ఆమె కూరిన మైనం అంచు వెంట, దారమంత సన్నగా పొగ పైకి లేచింది.

కర్రే చీలింది. లోపలికీ బయటికీ దారి పడింది. దాని మీద ఆమె పొద్దుటి నుంచీ వేడి మైనం పోస్తూ ఉంది.

గౌరీశ్వరి చెయ్యి తనకు తెలియకుండానే గొంతు మీదకు పోయింది. విసనకర్ర కింద పెట్టి, దాచినదంతా చెప్పేసింది. పోటు, చెమ్మ, నూనె, గొంతులో ఘాటు. ముక్కు చీదితే చెవిలోంచి గాలి కుయ్యిమంటోందని కూడా చెప్పింది. చెబుతున్నప్పుడు సన్నిబాబు తల దించుకున్నాడు.

ఆచారి గారు కోప్పడలేదు. ఒట్టి దిబ్బడైతే తనూ రెండు చుక్కలు వేసుకుంటానని, నాలుగైదు రోజుల్లో వదలకపోతే డాక్టరుకు చూపించుకుంటానని, పిన్నీసూ పుల్లా మాత్రం చెవి దరిదాపులకు రానివ్వనని చెప్పారు. నొప్పి వచ్చి, చెమ్మ కారిందంటే చెవి లోపలి పొరకు చిల్లు పడి ఉండొచ్చని, అప్పుడు ఆ సీసా మూత కూడా తియ్యనన్నారు. ఆ తర్వాత వీణను దుప్పటిలో చుట్టడం మొదలుపెట్టారు. కర్ర పని ఆయనది కాదు, టౌనులో ఉన్న అన్నగారిది. నలభై ఏళ్ళలో చీలిన దండి ఏదీ ఆచారి గారు ముట్టుకోలేదు.

"మా అన్న ముందు నన్ను తిడతాడు," అన్నారు, ముడి వేస్తూ. "చీలిక నిండా మైనం కూరి పంపావేటిరా అని. అదంతా గోకి తీసి, ఆరబెట్టాకే గానీ కర్ర జోలికి పోడు."

"మరి శుక్రవారం మేళం, గురువుగారూ?" అని అడిగింది.

ఆయన ఆమె కోసం ఏరి పెట్టిన ఇరవై నాలుగు మెట్లూ ఒక గుడ్డలో మూటగట్టి, పై అరలో పెట్టారు. ఆ మూట ఎవరూ విప్పొద్దని సన్నిబాబుతో చెప్పారు. పదకొండు గంటల బస్సుకు వాణ్ణి తోడు వెళ్ళమన్నారు. వీణ అన్నగారి కొట్టంలో దించాక, అదే వీధిలో చెవి డాక్టరు ఉంటాడని, నేరుగా వెళ్ళి ఆ డాక్టరుకు చూపించుకోమని గౌరీశ్వరికి చెప్పారు.

గౌరీశ్వరి సంచి భుజాన వేసుకుంది. లోపల నూనె సీసా దేనికో తగిలి టక్కుమంది. ఆయన చెయ్యి చాపారు.

"పొగ చూశావు కదా, తల్లీ. అది ఇక్కడ పెట్టి వెళ్ళు."