మొగ్గ విచ్చుకుంటేనే ఆర్డరు

చేతిలో పదకొండు వేల రూపాయలు, ఒక పాత లాప్‌టాప్ పెట్టుకుని కడియంలో వెబ్ పేజీలు చేసే పని మొదలుపెట్టిన తారకేశ్, లెక్కల్లో ఎంత చురుకో ఎదుటివాడి మాట వినడంలో అంత మొండిగా ఉండేవాడు.

అతనికి దొరికిన మొదటి పని మంగతాయారు నర్సరీది. ఆవిడ బంతి నారు పెంచి చుట్టుపక్కల రైతులకు అమ్మేది. రోజంతా ఫోన్లో ఆర్డర్లు రాసుకోలేక అలసిపోయేది. తారకేశ్ ఆవిడకు ఒక పేజీ చేసి ఇచ్చాడు. అందులో 'నారు కావాలి' అనే బటన్ నొక్కగానే తెర మీద బంతి మొగ్గ ఒక్కో రేకే విప్పుకునేది. పువ్వు పూర్తిగా విచ్చుకున్నాకే ఆర్డరు ఆవిడకు చేరేది. ఆ పువ్వంటే అతనికి మహా ముచ్చట. అది చూడకుండా ఎవరూ పోకూడదని కోడ్ అలా రాశాడు. నొక్కినవాళ్లను లెక్కపెట్టే కోడ్ వరుసను కూడా ఆ పువ్వు తర్వాతే పెట్టాడు. ఇక ఫోన్లో ఆర్డర్లు తీసుకోవద్దని ఆవిడకు గట్టిగా చెప్పాడు. ఆవిడ నమ్మి, పోయిన ఏడాదిలాగే లక్ష మొక్కలకు విత్తనం వేసింది.

మొదటి వారంలోనే సూరన్న అనే రైతు, పేజీ అడుగున ఉన్న తారకేశ్ నంబరుకు ఫోన్ చేశాడు.

"మూడుసార్లు నొక్కాను బాబూ. మొగ్గ మొగ్గలాగే ఉంది."

"నా దగ్గర బాగానే పూస్తోంది. మీ ఫోన్ పాతదై ఉంటుంది బాబాయ్, మార్చండి."

"నారు కోసం ఫోన్ కొనమంటావా? పక్క నర్సరీలో నోటిమాటకే ఇస్తున్నార్లే," అని సూరన్న పెట్టేశాడు.

తర్వాత ఇంకొందరు చేశారు. తారకేశ్ అందరికీ అదే చెప్పాడు, ఆపైన ఫోన్ ఎత్తడమే మానేశాడు. ఆర్డర్లు పలచగా వస్తున్నాయేమని మంగతాయారు రెండుసార్లు అడిగింది. నలభై ఒక్క మంది నొక్కితే నలభై ఒక్క ఆర్డర్లు వచ్చాయని, నూటికి నూరని తెర చూపించాడు. ఈ ఏడు బంతికి గిరాకీ లేదని తనే తేల్చేశాడు. అంకెలతో వాదించలేక ఆవిడ మళ్లీ నారుకు నీళ్లు పెట్టే పనిలో పడింది.

విత్తనం వేసిన ముప్పై ఐదో రోజున ఆవిడ రమ్మని కబురు చేసింది. వెళ్లేసరికి షెడ్డు నిండా ట్రేలు, వాటిలో పొడుగ్గా సాగి పసుపు తిరిగిన నారు. సూరన్న ఎదురుపడి చెప్పాక తనూ నొక్కి చూశానని ఆవిడ తన ఫోన్ అతని చేతిలో పెట్టింది. తారకేశ్ బటన్ నొక్కాడు. మొగ్గ కదలలేదు. మళ్లీ నొక్కాడు. కదలలేదు. అప్పుడు చూశాడు, చార్జింగ్ ఆదా చేసే మీట వేసి ఉంది. పొద్దంతా పొలంలో ఉండేవాళ్లు ఆ మీట వేసే ఉంచుతారు. అది వేస్తే ఆ ఫోన్లలో బొమ్మల కదలికలు ఆగిపోతాయి. పువ్వు పూయదు. పూయకపోతే ఆర్డరూ పోదు, లెక్కలోకీ రాదు. నూటికి నూరని అతను మురిసిన అంకెలో ఆ రైతులెవరూ లేనేలేరు.

అక్కడే కూర్చుని, నొక్కగానే ముందు ఆర్డరు వెళ్లేలా, ఆ తర్వాతే పువ్వు పూసేలా మార్చాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు.

"ఇప్పుడు పనిచేస్తోందండీ," అన్నాడు.

"నారు ముదిరిపోయింది బాబూ," అంది మంగతాయారు. "నీ పువ్వు పూసేదాకా అది ఆగుతుందా?"

ఆ పేజీ తీసేయమని చెప్పి ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. కూలీలు ట్రేలు ఎత్తి ఎరువు గుంటలో బోర్లిస్తున్నారు. వద్దనుకున్నా అతని బుర్ర లెక్క కట్టేసింది. డెబ్బై రెండు వేల మొక్కలు.

తారకేశ్ గేటు బయట కూర్చుని, తన మాట నచ్చక ఫోన్ పెట్టేసినవాళ్ల నంబర్లు, తను ఎత్తకుండా వదిలేసిన నంబర్లు కాగితం మీద రాశాడు. ముప్పై ఎనిమిది వచ్చాయి. అన్నిటికన్నా పైన సూరన్నది. ఈసారి ఏం తిట్టినా చివరిదాకా వినాలనుకుని ఆ నంబరు నొక్కబోయాడు.

మనదాకా చేరలేకపోయినవాళ్ల మాట వినకుండా వేసిన లెక్క, నూటికి నూరు చూపించినా తప్పే.