రాజుగారు దిగిన మెట్లు

ఒకానొక రాజ్యంలో, పేరెందుకులెండి, గజకేసరి అని ఒక రాజు. ఎవరూ తనకంటే ఎత్తున కనబడకూడదని ఆయన పిచ్చి.

ఒక తెల్లవారుజామున కొలను మీద మీగడలా పరుచుకున్న మంచు అప్పుడే విడిపోయింది. రాజు పై మెట్టు మీద, మంత్రి రెండు మెట్లు కింద నిలబడ్డారు. నీళ్లలో మాత్రం అంతా తలకిందులు. మంత్రి బట్టతల పైన, రాజు కిరీటం అడుగున చేపల మధ్య!

"ఈ కొలను నన్ను అవమానించింది. పూడ్చెయ్యండి" అన్నాడు రాజు.

ఆస్థాన విదూషకుడు బొల్లన ఆ మాట విని ముందుకొచ్చాడు. ఆ కొలనులో తామరలు కోసుకుని బతికే ఎల్లవ్వ అతని కన్నతల్లి. మరో నలభై ఇళ్ల కూడు కూడా ఆ నీళ్లలోనే ఉంది. అయినా పైకి నవ్వుతూ, "ఏలినవారు నీళ్లలోనూ పైన ఉండే చోటు చూపిస్తే కొలనుని వదిలేస్తారా?" అన్నాడు.

"ఒడ్డునా, నీళ్లలోనా, రెండుచోట్లా నేనే పైన ఉండాలి. లేదంటే పూడ్చడం ఖాయం."

"ముందు ఇద్దరూ సమానమయ్యే మెట్టు పట్టుకుందాం. ఇద్దరిదీ ఒకే పొడుగు. మంత్రిగారిది నీటినుంచి తొమ్మిదో మెట్టు. తమరు నిలబడాల్సిన మెట్టు ఎన్నోదో తెలియదనుకోండి. దానికి తమరి కిరీటం ఎత్తు, అంటే రెండు మెట్లు, కలిపితే తొమ్మిది కావాలి. ఇటు రెండు తీస్తే అటూ రెండు తియ్యాలి కదా?"

"తక్కెడ న్యాయం అదేగా."

"అయితే ఏడో మెట్టుకి దయచెయ్యండి."

రాజు దిగాడు. ఒడ్డునా నీళ్లలోనా ఇద్దరూ సరిసమానం.

"ఏడు దాటి ఎక్కితే ఒడ్డున తమరు పైన, నీళ్లలో కింద. ఏడుకి తక్కువైతే ఒడ్డున కింద, నీళ్లలో పైన. నీడలోకి వెళ్లేసరికి ఎక్కువ తక్కువవుతుంది ప్రభూ."

రాజుకి నీళ్లలో తన కిరీటం పైకి రావడం ముచ్చటేసింది. ఆరు, అయిదు, నాలుగు... కలలో నడిచినట్టు దిగుతూనే ఉన్నాడు. చివరి మెట్టు దగ్గర ఆగి, "నీళ్లలో ఇంకా నాకంటే పైన ఎవరది?" అన్నాడు.

"మా అమ్మ ప్రభూ. మెడలోతులో తామరలు కోస్తోంది."

రాజు కిరీటం తీసి బొల్లన చేతికిచ్చి, గడ్డందాకా నీళ్లలోకి దిగాడు. ఇప్పుడు నీళ్లలో ఆయనకంటే పైన ఎవరూ లేరు. నీళ్లు నులివెచ్చగా ఉన్నాయి. తామరల వాసన. నెత్తిన బరువు లేదు. ప్రాణం హాయిగా ఉంది.

తర్వాత తలెత్తి చూస్తే మంత్రి ఎక్కడో మబ్బుల్లో ఉన్నాడు. "ఒరే బొల్లనా, ఒడ్డున వాడు పైనున్నాడే."

"ఉంటారు మరి. ఏడుకి ఎక్కువా తక్కువా ఒకేసారి అయ్యే అంకె బ్రహ్మదేవుడు కూడా పుట్టించలేదు. తమరడిగిన మెట్టు లేదు, నేను ఓడాను" అని బొల్లన చేతులు కట్టుకున్నాడు. "మట్టి పొయ్యమంటారా? తమరు నిలబడ్డ చోటే మొదలుపెట్టిస్తాను."

రాజు ఉలిక్కిపడి, అంతలోనే నీళ్లు చెదిరేలా నవ్వాడు. చేతి కడియం తీసి బొల్లనకి విసిరాడు. "కొలను మీ అమ్మ వాళ్లదే. ఎవరూ దీని జోలికి రావద్దు."

"చిత్తం. ఇక పైకి దయచేస్తారా?"

"నువ్వెళ్లు. ఆ కిరీటం మంత్రికిచ్చి కాసేపు మొయ్యమను."